నూకరత్నం చెప్పిన తేదీ

నూకరత్నం నోట మొదటిసారే అసలు లెక్క రాదు. ఈ సంగతి ఉప్పాడలో అందరికీ తెలుసు, ఆవిడకీ తెలుసు. ముప్పై ఏళ్ళుగా పిఠాపురం వీధుల్లో చేపల గంప దించుతున్న మనిషి. పండుగప్ప ఎంతకిస్తావంటే ఇచ్చే ధర చెప్పదు. గంపలో ఎన్ని మిగిలాయంటే మిగిలినన్ని చెప్పదు. వయసెంతంటే ఒక్కో చోట ఒక్కోటి చెబుతుంది, ఆధార్ కార్డులో ఉన్నది కూడా ఆ రోజు నోటికొచ్చినదే. అడిగినవాళ్ళు ఎలాగూ ఓ పాలు తగ్గించుకునో, కలుపుకునో వింటారు, అలాంటప్పుడు అసలు మాట ముందే ఎందుకు పారేసుకోవాలని ఆవిడ వాదన.

కోడలి కడుపు విషయంలోనూ ఇదే తెలివి వాడింది. ఆ తెలివి తనని ఎక్కడిదాకా లాక్కెళ్ళిందో ఇప్పుడు ఆవిడే గుమ్మం గుమ్మానికీ చెప్పుకుంటుంది. కడుపుతో ఉన్న ఆడపిల్ల ఏ ఇంట్లో కనపడినా సరే, గంప దించి, కత్తిపీట ముందు బాసింపట్టు వేసుకుని, చేప పొలుసు గీకుతూ, "నాకంటే తెలివైంది ఈ జిల్లాలో ఎక్కడన్నా ఉందేమో చూడండమ్మా" అని మొదలెడుతుంది.

కోడలి పేరు దేవిశ్రీ. ఇంటర్ చదివిన పిల్ల. తండ్రిది కూడా వేటకెళ్ళే కుటుంబమేగానీ, ఆయన ఎప్పుడో పడవ వదిలేసి కాకినాడలో ఆటో తోలుకుంటున్నాడు. పిల్ల నెమ్మది. ఎంత నెమ్మదంటే, ఇంట్లో ఉందా లేదా అని ఒకోసారి నూకరత్నం కేకేసి చూసుకునేది. కొడుకు శ్యాంబాబు కాకినాడ హార్బరు నుంచి పెద్ద బోటు మీద వెళ్తాడు, వెళ్తే పది పన్నెండు రోజులకి గానీ ఇంటి మొహం చూడడు. మొగుడు చంద్రరావు అరుగు మీద వలలు కుట్టుకుంటూ ఉంటాడు, ఆయన అభిప్రాయం ఎవరూ అడగరు. కాబట్టి ఇంట్లో మాట్లాడే పనంతా నూకరత్నానిదే. తన తరఫునా, మొగుడి తరఫునా, కోడలి తరఫునా కూడా ఆవిడే మాట్లాడేది. పాపం అందరికీ శ్రమ తప్పిస్తున్నాననే అనుకునేది.

ఏటా ఏప్రిల్ పదిహేను నుంచి రెండు నెలలు సముద్రం మీద వేట ఆపేస్తారు. మగాళ్ళకి సెలవులు, ఆడాళ్ళకి రెట్టింపు పని. పచ్చి చేప రాదు కాబట్టి నూకరత్నం ఎండు చేపల మీద పడుతుంది. ముందే ఉప్పు పెట్టి ఉంచినదంతా తీసి కడగాలి, పాత వలలు పరిచి వాటి మీద ఎండబెట్టాలి, మధ్యాహ్నం తిరగెయ్యాలి, కాకుల్ని తోలాలి, సాయంత్రం ఎత్తాలి. పోయిన మే నెలలో ఈ పని నడుమ దేవిశ్రీ బయట చేరింది. బయట చేరినవాళ్ళు ఉప్పు చేప ముట్టుకుంటే పురుగు పడుతుందని ఆ వీధిలో గట్టి నమ్మకం. అందుకని కోడలు మూడు రోజులు వెనక వసారాలో చాప మీద కూర్చుంది, అత్త ఒక్కతీ సరుకంతా ఎండబెట్టుకుంది. ఆ తేదీ నూకరత్నం బుర్రకి కాదు, నడుముకి గుర్తుండిపోయింది. మే పదో తారీఖు.

జూన్ ఆఖర్లో నెల తప్పిందని పిల్ల నెమ్మదిగా చెప్పగానే నూకరత్నం వేళ్ళు ముడిచి లెక్క తేల్చేసింది. కోడల్ని ఒక్క ముక్క అడగలేదు. అడగాల్సిన పనేముంది, మూడు రోజులు సరుకు మోసింది తనేనాయె.

మూడో నెల నిండేదాకా గడప దాటి మాట పోనివ్వలేదు. నర్సు సత్యకుమారి ఆ వీధిలో ఎప్పుడొచ్చినా "మా ఇంట్లో ఏం విశేషాల్లేవండి" అని గుమ్మంలోనే సాగనంపింది. ఆగస్టు తొమ్మిదిన గానీ కోడల్ని ఆసుపత్రికి తీసుకెళ్ళలేదు. ప్రతి నెలా తొమ్మిదో తారీఖు గర్భిణీలకి ప్రత్యేకంగా పరీక్షలు చేస్తారు. వరండా నిండా పొట్టలే. నూకరత్నం చోటు చూసుకుని కూర్చుని వెనక్కి తిరిగేసరికి సరిగ్గా వెనకే చిట్టెమ్మ, పక్కన చిట్టెమ్మ కోడలు.

చిట్టెమ్మ గురించి చెప్పాలి. అదే వీధి, అదే వ్యాపారం, పిఠాపురంలో అవే గుమ్మాలు. నూకరత్నం ఎనిమిదింటికి వెళ్ళిన ఇంటికి చిట్టెమ్మ ఏడున్నరకే వెళ్ళి ఉంటుంది. ఆవిడ చూపు మంచిది కాదని నూకరత్నం నమ్మకం. తన గురించి చిట్టెమ్మకీ అదే నమ్మకమని తెలుసు, కానీ అది అన్యాయమనిపించేది.

సత్యకుమారి బల్ల ముందు దేవిశ్రీని కూర్చోబెట్టి, చివరిసారి బహిష్టు ఎప్పుడయిందని అడిగింది. అడిగింది కోడల్ని. నోరు తెరిచింది అత్త.

చిట్టెమ్మ చెవులు వెనకాలే ఉన్నాయి. అసలు తేదీ చెబితే అది నెలలు లెక్కపెట్టుకుంటుంది, నెలలు నిండే సమయానికి రోజూ గుమ్మం ముందు నుంచి తొంగి చూస్తుంది, ఆ చూపు బిడ్డకి తగులుతుంది. ఇదంతా నూకరత్నం ఒక్క గుక్కలో ఆలోచించి, "మే నెల ఇరవయ్యారండి సిస్టరుగారూ" అంది. పదహారు రోజులు తగ్గించింది. మరీ ఎక్కువ తగ్గిస్తే నమ్మరు, తక్కువ తగ్గిస్తే లాభం లేదు.

అది అబద్ధమని కూడా ఆవిడకి తోచలేదు. సిస్టరుగారు లోకం తెలిసిన మనిషి, ఓ రెండు వారాలు తనే కలుపుకుని రాసుకుంటుందిలే అనుకుంది. అంత చదువుకున్నావిడ అడగ్గానే చెప్పిన మొదటి మాట పట్టుకుని, ఉన్నదున్నట్టు కార్డులో రాసేసుకుంటుందని నూకరత్నం కలలో కూడా అనుకోలేదు. సత్యకుమారి రాసేసుకుంది. పురుడు మార్చి రెండో తారీఖుకని కూడా రాసి, "ఇంతేనామ్మా?" అని దేవిశ్రీ వైపు చూసింది. పిల్ల ఏదో అనబోయి, అత్త మొహం చూసి, తలూపింది. డాక్టరుగారు పొట్ట చూస్తారంటే నూకరత్నం అడ్డం పడి, కొత్తపిల్ల సిగ్గుపడుతోంది, వచ్చే నెల చూద్దురుగానని లేవదీసుకొచ్చేసింది.

ఆ తర్వాత జరిగినవన్నీ ఇప్పుడు చెబుతుంటే నూకరత్నానికి నవ్వాలో నెత్తి మొత్తుకోవాలో తెలియదు. ఆగస్టు ఆఖరికే దేవిశ్రీ కడుపులో కదులుతోందని చెప్పింది. నాలుగో నెల కూడా నిండకుండా కదలడమేంటి, గ్యాసు అని వాము నీళ్ళు కాచి తాగించింది. పది రోజుల తర్వాత చెయ్యి వేసి చూస్తే నిజంగానే కదిలింది. మా ఇంట్లో పిల్లలు కడుపులోంచే చురుకని వీధంతా చెప్పుకుంది. సెప్టెంబరులో సత్యకుమారి పొట్ట కొలిచి, కార్డు మీద ఉన్నదానికంటే ఎక్కువుందే, తేదీలో ఏమన్నా తేడా ఉందా అని అడిగింది. మా ఇంటి కోడళ్ళకి పొట్టలు ముందే కనిపిస్తాయండి, మా అత్తగారు కూడా నన్ను చూసి ఇలాగే అనేవారని ఎప్పుడో చచ్చిపోయిన అత్తగారిని సాక్ష్యానికి పిలిచింది. అయితే వెంటనే స్కానింగ్ తీయించండి, తేలిపోతుందని సత్యకుమారి కాగితం రాసిచ్చింది.

ఆ కాగితం అక్టోబరు ఆఖరుదాకా దేవుడి గూట్లోనే ఉంది. రేపు, ఎల్లుండి అంటుండగా తుపాను పట్టింది. ఉప్పాడలో సముద్రానికి రోడ్డంటే లెక్కలేదు, కాకినాడ వెళ్ళే దారిని కోసుకుని పోయింది. రాళ్ళు పోసి రోడ్డు బాగుచేసేసరికి ఐదో నెల దాటిపోయింది కదా, ఇంక దేనికని నూకరత్నం తీర్మానించింది. సత్యకుమారి రెండుసార్లు ఇంటికొచ్చి చీవాట్లు పెట్టింది. చీవాట్లకి నూకరత్నం ఎప్పుడూ ఎదురు చెప్పదు. అన్నీ విని, మంచినీళ్ళిచ్చి, పని మాత్రం చెయ్యదు. నెల నెలా పరీక్షలకి మాత్రం తప్పకుండా తీసుకెళ్ళింది. బీపీ బాగుంది, రక్తం కాస్త తక్కువుంటే మాత్రలిచ్చారు.

నవంబరు దాటాక పొట్ట కొలతా కార్డూ దగ్గరికొచ్చాయి. చూశారా, సర్దుకుందని నూకరత్నం గెలిచినట్టు చెప్పింది. పొట్ట పెరగడం తగ్గింది కాబట్టే కార్డుకి సరిపోయిందని ఆవిడకేం తెలుసు.

డిసెంబరు చివర్లో సత్యకుమారి తనే వెంటపెట్టుకుని పిఠాపురంలో స్కానింగ్ తీయించింది. కార్డు ప్రకారం ముప్పై వారాలు. మిషను ముప్పై ఒకటంది. బాగా సరిపోయిందన్నారు. నూకరత్నం లెక్క ప్రకారమైతే ముప్పై రెండు దాటాలి. ఆ కాగితం చూసి ఆవిడ కాసేపు ఆలోచించి, మిషను కూడా కొంచెం తగ్గించే చెబుతుందన్నమాట అని తేల్చుకుంది. తనలాంటిది ఇంకోటి దొరికినందుకు సంతోషం కూడా వేసింది. తలతో పోలిస్తే బిడ్డ పొట్ట కొలత తక్కువగా ఉంది, రెండు వారాల తర్వాత మళ్ళీ తీయించి తీసుకురండని డాక్టరు అన్న మాట మాత్రం సగమే చెవికెక్కింది.

జనవరి తొమ్మిది వచ్చింది. ముందురోజు తీసిన స్కానింగ్ కాగితంతో అత్తా కోడళ్ళు డాక్టరు గదిలోకి వెళ్ళారు. డాక్టరు రత్నమాణిక్యం గారు రిటైర్మెంటుకి దగ్గరపడిన మనిషి, గొంతు పెంచి మాట్లాడటం ఎవరూ వినలేదు. ఆవిడ పాత కాగితం, కొత్త కాగితం పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది. పొట్ట కొలిచింది. బిడ్డ కదలిక ఎలా ఉందమ్మా అని అడిగితే, రెండు రోజుల్నించి తక్కువగా ఉందండి అని దేవిశ్రీ చెప్పింది. ఆ మాట నూకరత్నం వినడం అదే మొదలు.

డాక్టరు కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. రెండు వారాల్లో బిడ్డ పెరిగింది దాదాపు ఏమీ లేదని, ఉమ్మనీరు కూడా తగ్గిందని చెప్పింది. "ఇప్పుడు నా పని అంతా ఈ తేదీ మీదుందమ్మా. కార్డులో రాసిందే నిజమైతే బిడ్డకి ఇంకా ఎనిమిదో నెలే. ఇప్పుడే బయటికి తీస్తే ఊపిరి అందక ఇబ్బంది పడుతుంది, లోపలే ఉంచి కాపాడుకోవాలి. అలా కాక నెలలు నిండిపోయిన బిడ్డయితే, లోపల ఉంచే ప్రతి రోజూ ప్రమాదమే. అందుకని అడుగుతున్నాను. ఈ తేదీ కరెక్టేనా?"

గదిలో సత్యకుమారి ఉంది. తలుపు తీసే ఉంది, గుమ్మంలో వరసగా ఆడవాళ్ళున్నారు. ఆ వరసలో మొదట నిలబడింది ఎవరనుకున్నారు, చిట్టెమ్మే.

నూకరత్నం ఓరకంట తలుపు వైపు చూసింది. ముప్పై ఏళ్ళ వ్యాపారంలో చెప్పిన మాట వెనక్కి తీసుకున్నది లేదు. అందులోనూ చిట్టెమ్మ ముందు. ఇంటికెళ్ళి సత్యకుమారికి ఫోనులో చెబితే పోలా అని కూడా అనిపించింది. కానీ ఆవిడకి భయం వేసింది. కడుపులో కదలిక తగ్గిందన్న మాట దగ్గరే మనసు ఆగిపోయి ఉంది, ఎంత లాగినా అక్కణ్ణుంచి కదలడం లేదు. పమిట చెంగు చేత్తో మెలిపెట్టుకుంటూ, "తేదీ తప్పండి డాక్టరుగారూ. నేనే తగ్గించి చెప్పాను. అసలు తారీఖు మే నెల పదండి" అంది.

సత్యకుమారి కలం కింద పెట్టేసింది. నూకరత్నం తల దించుకుని, భూమి బద్దలవుతుందని ఎదురుచూసింది. దిష్టి గురించి చెప్పింది, చిట్టెమ్మ పేరు మాత్రం మింగేసింది. నన్నేమన్నా అనండిగానీ నా మనవణ్ణి కాపాడండి అంది, మనవడో మనవరాలో తెలియకపోయినా.

భూమి బద్దలవలేదు. డాక్టరు వేళ్ళ మీద వారాలు లెక్కపెట్టి, అయితే ముప్పై అయిదుకి దగ్గరన్నమాట అంది. అయినా నెలలు నిండలేదని, ఆసుపత్రిలో చేర్చి, ఊపిరితిత్తులకి ఇంజెక్షన్లిచ్చి, రోజూ చూసుకుంటూ వీలైతే ఇంకో వారం పది రోజులు లాగుదామని సత్యకుమారితో చెప్పసాగింది. నూకరత్నం తలెత్తింది. అంత పరువు తీసుకుని, నలుగురి ముందు నిజం చెబితే, దాని వల్ల తేలింది ఇంకో వారం చూద్దామనా. ఇది చెప్పుకోవడానికి సిగ్గుచేటుగానీ, ఆ క్షణంలో ఆవిడకి కాస్త చిన్నతనంగా కూడా అనిపించింది. ఇంకాస్త పెద్ద నేరం చేసి ఉండాల్సిందేమో.

అప్పుడు దేవిశ్రీ మాట్లాడింది.

"ఏప్రిల్ పద్నాలుగండి మేడం."

ముందు ఎవరికీ అర్థం కాలేదు. పిల్ల పరీక్ష బల్ల మీద కూర్చుని, చేతులు రెండూ పొట్ట మీద పెట్టుకుని, అత్త వైపు చూడకుండా చెప్పింది. వేట ఆపేస్తారనగా ముందు రోజు, తెల్లారితే ఆయన ఇంటికొస్తారని తలంటుకుందామనుకుంటే ఆ రోజే అయ్యాను, అందుకని బాగా గుర్తుందని చెప్పింది. మే నెలలో అవ్వలేదని చెప్పింది.

నూకరత్నం ఊరుకోలేకపోయింది. అదేంటే, మే పదో తారీఖున బయట కూర్చున్నావు కదా, మూడు రోజులు నేనొక్కదాన్నే సరుకంతా ఎండబెట్టాను కదా అంది.

"అవ్వకుండానే కూర్చున్నానత్తా" అంది దేవిశ్రీ. "ఉప్పు చేప వాసన పడలేదు. వాంతొచ్చేలా ఉండేది, నిలబడితే కళ్ళు తిరిగేవి. అలా చెబితేనే కూర్చోనిస్తారని చెప్పాను. తర్వాత చెబుదామంటే, మూడు రోజులు పని ఎగ్గొట్టానని తెలిసిపోతుందని భయమేసింది. స్కానింగులో వాళ్ళకే తెలుస్తుందిలే అనుకున్నాను."

నూకరత్నానికి ఒళ్ళు మండింది. ఇంత బతుకూ బతికి, ఉప్పాడ పిఠాపురాలు రెంటినీ బుట్టలో వేసుకున్న తనని, నోట్లో నాలుక లేదనుకున్న పిల్ల ఎనిమిది నెలలపాటు బుట్టలో వేసింది. తను పదహారు రోజులు తగ్గించింది. కోడలు ఏకంగా ఒక నెలే మింగేసింది. ఆ మంట మీద ఏదో అనడానికి నోరు తెరిచేసరికి డాక్టరు లేచి నిలబడి ఉంది. ముప్పై ఎనిమిది వారాలు దాటింది, నిండు నెలల బిడ్డ ఇంత చిన్నగా ఉందంటే ఇంక ఒక్క రోజు కూడా ఆగకూడదు, అంబులెన్సు పిలవమని సత్యకుమారితో చెప్పింది. గొంతు పెరగలేదుగానీ మాటలు వేగంగా వచ్చాయి. నూకరత్నం కోపం ఎటు పోయిందో పోయింది. వంగి కోడలి చెప్పులు వెతికి బల్ల కింద సర్దింది.

అంబులెన్సు వచ్చేలోపు జరిగిన ముచ్చట చెప్పేటప్పుడు మాత్రం నూకరత్నం చేతిలో చేప పక్కన పెడుతుంది. గుమ్మంలో నిలబడ్డ చిట్టెమ్మ రెండడుగులు లోపలికొచ్చి, గొంతు సవరించుకుని, "సిస్టరుగారండీ, మా పిల్లది కూడా నేను పది రోజులు తగ్గించే చెప్పానండి" అంది. ఎందుకు తగ్గించావని ఎవరూ అడగలేదు. ఆవిడ నూకరత్నం వైపు చూసీ చూడనట్టు చూసింది. చిట్టెమ్మ వెనక నిలబడ్డ కొత్తపల్లి ఆవిడ, మాది నెల అంది. ఇంకెవరో, మాది తగ్గించలేదుగానీ తారీఖు నేను చెప్పింది, మా అమ్మాయిని అడిగితే మంచిదేమో అంది. సత్యకుమారి కాసేపు కళ్ళు మూసుకుని, కలం తీసుకుని, అత్తలందరినీ వరండాలోకి వెళ్ళమంది.

కాకినాడ పెద్దాసుపత్రిలో ఆ సాయంత్రమే ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల. కిలో ఎనిమిది వందల యాభై. పుట్టగానే ఏడ్చింది, బలంగానే ఏడ్చింది. వెచ్చగా ఉంచాలని పిల్లల వార్డుకి తీసుకెళ్ళారు. ఇంకో రెండు మూడు రోజులు ఆగి ఉంటే ఏమయ్యేదో మేం చెప్పలేం అని అక్కడి డాక్టరు చెప్పిన మాట నూకరత్నం ఏ గుమ్మంలో చెప్పినా, అక్కడ కాసేపు పొలుసు గీకడం ఆగిపోతుంది. తర్వాత గంప ఎత్తించుకుంటూ, మీ తేదీ మీరే చెప్పుకోండమ్మా, నాలాంటి దానికి అప్పగించకండని కడుపుతో ఉన్న పిల్లకి చెప్పి వెళ్ళిపోతుంది. కథ ఇంతవరకే చెబుతుంది. అందరూ నవ్వుతారు, ఆవిడా నవ్వుతుంది.

ఆసుపత్రిలో మూడో రోజు పొద్దున జరిగింది మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఆ పొద్దున పిల్లల వార్డులో నర్సు, పాప పాలు అరిగించుకుంటోందని, ఇంకో వారంలో ఇచ్చేస్తామని చెప్పింది. నూకరత్నం ఆ కబురు మోసుకుని కోడలి మంచం దగ్గరికొచ్చింది. ప్లాస్కులో పాలు గ్లాసులోకి పోసి, బ్రెడ్డు ముంచి ఇచ్చింది. పిల్ల మెల్లగా తింటోంది. మూడు రోజుల నుంచీ అడగాలని ఉన్న మాట అప్పుడడిగింది. కోపంగా అడగలేదు, బతిమాలినట్టే అడిగింది. ఒంట్లో బాగాలేదని నాతో ఒక్క మాట చెప్పొచ్చు కదే, ఆ అబద్ధం దేనికీ అంది.

దేవిశ్రీ బ్రెడ్డు ముక్క గ్లాసులో పెట్టేసింది.

"చెప్పానత్తా. మొదటి రోజు పొద్దున్నే చెప్పాను. వాసన పడట్లేదు, కళ్ళు తిరుగుతున్నాయి అన్నాను. చేపలోళ్ళింట్లో పుట్టి చేప వాసన పడకపోవడమేంటే, లేచి బుట్ట పట్టుకో అన్నావు. పక్కింటివాళ్ళక్కూడా చెప్పి నవ్వావు. అప్పుడు లోపలికెళ్ళి వచ్చి, బయట చేరానని చెప్పాను. అప్పుడు మాత్రం వెంటనే కూర్చోమన్నావు."

నిందలాగా చెప్పలేదు. అడిగింది కాబట్టి చెప్పింది.

ఆ మాట అన్నట్టు నూకరత్నానికి గుర్తు లేదు. ఎంత వెతుక్కున్నా ఆ పొద్దు జ్ఞాపకం రాలేదు. అన్నానో లేదో, ఎవరికి తెలుసని తోసెయ్యడానికి కూడా లేదు, ఆ మాట తీరు అచ్చంగా తనదే, ఆ నవ్వు కూడా తనదే. మూడు రోజులు ఒక్కదాన్నే సరుకు మోశానని ఊరంతా చెప్పుకున్న మనిషికి, ఆ మూడు రోజులూ వెనక వసారాలో చాప మీద ఒక పిల్ల వాంతులు బిగపట్టుకుని కూర్చుందని తెలియలేదు. ఇల్లంతా కలిపినా అయిదంగల దూరం. ఏడుపొచ్చింది. ఏడిస్తే మళ్ళీ తన గోలే అవుతుందని, గ్లాసు కడిగే మిషతో పంపు దగ్గరికెళ్ళి, కడిగిన గ్లాసునే రెండుసార్లు కడిగి వచ్చింది.

వచ్చేసరికి వార్డు నర్సు మంచాల వరసలో చీటీలు చూసుకుంటూ దేవిశ్రీ దగ్గరికొచ్చి, "నొప్పి ఎలా ఉంది? రాత్రి నిద్ర పట్టిందా?" అని అడిగింది. అడిగింది మంచం మీది పిల్లనే అయినా, చూపు మాత్రం పక్కన నిలబడ్డ పెద్దావిడ వైపు తిరిగింది.

బాగానే ఉందండి, శుభ్రంగా పడుకుంది అన్న మాట నూకరత్నం నాలిక చివరిదాకా వచ్చేసింది. రాత్రంతా ఆవిడ కిందే పడుకుంది. పిల్ల నిద్రపోయిందో లేదో నిజానికి ఆవిడకి తెలియదు.

"దాన్నే అడగండమ్మా" అంది.

దేవిశ్రీ తలెత్తింది. అత్త మొహంలోకి చూసింది, అలవాటు. నూకరత్నం కిటికీ వైపు తిరిగి, ఏమీ అనకుండా నిలబడింది. అలా నిలబడటం ఆవిడకి ముప్పై ఏళ్ళలో ఎప్పుడూ ఇంత కష్టమనిపించలేదు. కాసేపటికి పిల్ల, కుట్ల దగ్గర లాగుతోందని, రాత్రి అసలు నిద్ర లేదని, ఒక్కసారి వెళ్ళి పాపని చూసి రావాలనుందని నర్సుకి చెప్పింది.